మా అత్త పూడ్చిన గడ్డ

మా అత్త సుంకమ్మను పెనుకొండ సంఘంలో అందరూ మెచ్చుకుంటారు. కన్నకొడుకు పోయినా విశ్వాసం సడలలేదని పాస్టరుగారు ప్రసంగంలో ఆమెను చూపించి మరీ చెబుతారు. ఆ మాట వినబడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంటాను. ఆ కొడుకు బతకడానికి ఉన్న ఒక్క దారి ఎలా మూసుకుపోయిందో చాలాకాలం దాకా తెలిసింది మా ఆయనకూ, నాకూ, మా ఆడపడుచు ప్రమీలకే. ఆ పోయిన కొడుకే మా ఆయన.

ఆయన పేరు ఆశీర్వాదం. కరెంటు ఆఫీసులో లైన్‌మన్. నేను ఎర్రమంచి బడిలో టీచర్‌ని. 2002 ఎండాకాలం మొదట్లో ఆయన మెడ పక్కన ఒక గడ్డ లేచింది. నొప్పి లేదు, జ్వరం లేదు. స్తంభాలెక్కే మనిషి కదా, నరం పట్టుకుని ఉంటుందిలే అన్నాడు. అది నిమ్మకాయంత అయ్యాక హిందూపురంలో చూపిస్తే సూదితో కొంచెం తీసి చూసి, బెంగుళూరు పొమ్మన్నారు. బెంగుళూరు పెద్దాసుపత్రిలో లింఫోమా అని తేల్చారు. రక్తంలోని తెల్లకణాలకు పట్టే క్యాన్సర్. కడుపు లోపల, వెన్నెముక దగ్గర కూడా గడ్డలున్నాయి.

తిరుగు రైల్లో హిందూపురం వచ్చేముందు ఆయన నోరు విప్పాడు.

"అమ్మకు చెప్పొద్దు గ్రేసూ. నాయన పోయినప్పుడే సగం అయిపోయినాది. కొవ్వు గడ్డ అని చెప్దాం."

"ఎన్నాళ్లు దాస్తావు?"

"ఎన్నాళ్లు దాగితే అన్నాళ్లు."

నేను కాదనలేదు. మా వైపు ఏ ఇంట్లోనైనా జరిగేది ఇదే. జబ్బు పేరు ముసలివాళ్ల దాకా రానివ్వరు. పక్కింటివాళ్లకు చెబుతారు, ఆఫీసులో చెబుతారు, కన్నతల్లికి మాత్రం చెప్పరు. దానికి ప్రేమ అని పేరు పెట్టుకుంటారు.

బెంగుళూరు డాక్టరు ఇంకో సంగతి చెప్పాడు. కీమో పెడితే గడ్డలు కరుగుతాయి, కానీ ఈ రకం జబ్బు మళ్లీ తలెత్తడం ఎక్కువ. అలా తలెత్తకుండా ఒక కొత్తరకం టీకాను వాళ్లు పరీక్షిస్తున్నారు. టీకా అంటే జబ్బు రాకముందు వేసేది అనుకున్నాను. ఇది వచ్చినవాళ్లకు వేసేదట.

"ఈయన ఒంట్లోని జబ్బంతా ఒక్క కణం నుంచి పుట్టింది. అందుకని వాటన్నిటి మీదా ఒకే గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఈయనదే, ఇంకొకరిది పనికిరాదు. గడ్డలోంచి ఆ గుర్తు రాసి ఉన్న డీఎన్ఏ ముక్కను తీసి టీకా తయారుచేస్తాం. కీమో అయ్యాక కండలోకి ఎక్కిస్తాం. ఒంట్లోని రక్షణ కణాలు ఆ గుర్తును నేర్చుకుని, ఎక్కడన్నా మిగిలిన జబ్బు కణాలను వెతికి చంపుతాయని మా ఆశ" అన్నాడు.

నాకు సగమే అర్థమైంది. మా ఆయనకు మాత్రం పూర్తిగా అర్థమైంది. ఇంటికొచ్చాక తన భాషలో చెప్పాడు. "కీమో అంటే ఊరికంతా కరెంటు తీసేసే మాదిరి. దొంగ కరెంటోడూ చీకట్లో ఉంటాడు, బిల్లు కట్టేటోడూ చీకట్లో ఉంటాడు. ఈ సూది అట్ల కాదు. తీగ మీద కొక్కెం వేసినోడు ఎవడో చూపిస్తాది. వాన్ని ఒక్కన్నే పీకేయొచ్చు." జబ్బు సంగతి తెలిశాక ఆయన నవ్వడం అప్పుడే చూశాను. ఆ నవ్వు చూసి నేనూ ఆశ పెంచుకున్నాను. ఆశ పెంచుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదని అప్పటికి నాకు తెలియదు.

చిక్కంతా గడ్డ దగ్గరే. కీమో మొదలుపెడితే గడ్డలు కరిగిపోతాయి, టీకాకు కావలసిన ముక్క దొరకదు. కాబట్టి ముందే తీయాలి. కడుపులోవి తీయబోతే ప్రాణం మీదికి వస్తుంది. మెడలోది ఒక్కటే చేతికందేది. బెంగుళూరులో ఆపరేషన్‌కు వారాలు ఆగాలి, జబ్బేమో ఆగేట్టు లేదు. అందుకని డాక్టరు హిందూపురంలో తనకు తెలిసిన సర్జన్‌కు ఫోన్ చేశాడు. అక్కడ గడ్డ తీయించి, ఐసులో పెట్టుకుని, ఆ రోజే రైల్లో తన దగ్గరికి తెమ్మని నాకు చెప్పాడు. చెడిపోతే మళ్లీ తీయడానికి ఏమీ ఉండదని కూడా చెప్పాడు.

ఆపరేషన్ రోజు మా అత్త కూడా వస్తానంది. కొవ్వు గడ్డకు ఇంతమంది ఎందుకంటే వినలేదు. నర్సింగ్ హోమ్ వరండాలో బల్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటూ ఉంది. ముందున్న కాన్పు కేసు ఆలస్యమై మా వంతు బాగా వెనక్కి జరిగింది. పొద్దున డబ్బాలో పోసుకొచ్చిన ఐసు నీళ్లయిపోయింది. ఆయన్ను లోపలికి తీసుకెళ్లాక నేను ఐసు ఫ్యాక్టరీకి పరిగెత్తాను. ఆమెకు ఒక్క ముక్క చెప్పి వెళ్లాలనే ఆలోచన కూడా రాలేదు. కొవ్వు గడ్డకు ఐసెందుకని అడిగితే ఏం చెప్పాలి?

నేను తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. ఆపరేషన్ అయిపోయింది. గడ్డ ఏదని ఆయాను అడిగాను.

"సీసాలో పెట్టి పెద్దామెకు ఇచ్చినా కదమ్మా."

"ఆమెకెందుకిచ్చావు?"

"రోజూ ఇంటోళ్లకే ఇస్తాము. వాళ్లే ల్యాబుకు తీసుకపోతారు."

అది నిజమే. అక్కడ పద్ధతి అంతే. కోసి తీసిందేదైనా బయటికి తెచ్చి ఇంటివాళ్లకు చూపించి చేతిలో పెడతారు. ఎదురుగా ఉన్న ల్యాబులో అడిగాను. పక్క వీధి ల్యాబులో అడిగాను. బస్టాండు దాకా వెతికాను. డబ్బాలో ఐసు మళ్లీ కరగడం మొదలైంది. సర్జన్ బయటికొచ్చి ఆయా మీద అరిచాడు. ఆయా నా మీద అరిచింది. నాకు అరవడానికి ఎవరూ లేరు.

మధ్యాహ్నం దాటాక మా అత్త వచ్చింది. ఎండకు ముఖం కందిపోయింది, కానీ సంతోషంగా ఉంది. గోళ్ల కింద మట్టి ఉంది. నేరుగా మంచం దగ్గరికి వెళ్లి కొడుకు తల నిమిరింది.

"యాడికి పోయినావత్తా?"

"పెనుకొండకి. బస్సు దొరికె, పోయేసి వస్తి. ఉపదేశి పోతులయ్య ప్రార్థన చేసినాడు. మీ మామ పక్కనే పెడితి."

"ఏం పెడితివి?"

"వాని కండ. కొవ్వైతే ఏమి, వాని ఒంట్లోదే కదా. ఈడ పెడితే కుక్కలకేస్తారు. సీసా తీసేసి, కొత్త తెల్లగుడ్డలో చుట్టి పూడ్చినా. లేసేనాడు నా కొడుకు నిండుగా లేయాల."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మా మామ బాలప్పకు షుగరు జబ్బుతో కాలు తీసేస్తే, ఆ కాలును కూడా సమాధుల తోటలో పూడ్పించి, ఆయన పోయాక అక్కడే పడుకోబెట్టింది ఈమె. అంత్యదినాన అందరూ శరీరంతో లేచేటప్పుడు ఆయన కుంటుకుంటూ లేవకూడదట. మా పాత సంఘంలో ఇది మామూలే. పాస్టర్లు నేర్పింది కాదు, ముసలివాళ్లు తమకు తాము పెట్టుకున్నది. కోసిన వేలికీ తెగిన చేతికీ కూడా చిన్న గుంత, చిన్న ప్రార్థన.

నేను నోరు తెరిచాను. మెడకు కట్టుతో పడుకున్న మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. అంత గట్టిగా నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు. తల్లి వైపు తిరిగి, "మంచిపని చేసినావమ్మా" అన్నాడు.

ఎస్టీడీ బూతుకు వెళ్లి బెంగుళూరుకు ఫోన్ చేశాను. డాక్టరు ముందుగా, "ఐసులో ఉందా?" అని అడిగాడు.

"మట్టిలో ఉంది సార్."

ఎప్పుడు పెట్టారని అడిగాడు. చెప్పాను. "ఈ ఎండలోనా?" అని, "వద్దమ్మా, తవ్వొద్దు. ఇంక పనికిరాదు. ఆయన్ను కీమోకు తీసుకురండి" అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా నేను చాలాసేపు ఆ అద్దాల పెట్టెలోనే నిలబడ్డాను.

ఆ సాయంత్రమే మా ఆయన నా చేత మాట తీసుకున్నాడు. "అమ్మకు తెలియకూడదు. నేను పోయినాక కూడా. కొవ్వు గడ్డ అన్నది మనమే కదా. నిజం చెప్పింటే ఆమె ఆ సీసాను గుండెకు కరుచుకొని బెంగుళూరు దాకా నడిచి పోయుండేది." ఆయన అన్నది న్యాయమే. న్యాయమైనంత మాత్రాన నా కోపం తగ్గలేదు. ప్రమీలకు ఒక్కదానికే చెప్పుకున్నాను.

కీమోకు గడ్డలు కరిగాయి. జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది. మళ్లీ స్తంభాలెక్కాడు. ఏడాది తిరిగాక జబ్బు మళ్లీ లేచింది. ఈసారి పేరు దాచడానికి కుదరలేదు, మా అత్తకు తెలిసింది. గడ్డ సంగతి మాత్రం తెలియదు. 2004లో వానలు పడే ముందు ఆయన పోయాడు. సమాధి దగ్గర అందరూ ఏడుస్తుంటే ఆమె పోతులయ్యతో, "నా కొడుకు నిండుగా పోతాండాడు, ఏ లోటూ లేదు" అంది. ఆ మాటకు నేను ఆమెను ఆ గుంతలోకి తోసేయాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

అంతకు ముందు, చివరిసారి బెంగుళూరు వెళ్లినప్పుడు, వరండాలో డాక్టర్ని ఆపి అడిగాను. ఆ టీకా వేసి ఉంటే ఈయన బతికేవాడా అని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, నిజం చెప్తాను. మేం వేసినవాళ్లలో చాలామందికి జబ్బు మళ్లీ వచ్చింది. పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికే ఆ పరీక్ష. ఈయనకు వేసినా ఇంతే అయ్యేదేమో. మీరెవరినీ తప్పు పట్టొద్దు" అన్నాడు. ఆయన ఓదార్పు నాకు గిట్టలేదు. ఎవరినీ తప్పు పట్టకపోతే నాకు మిగిలేదేమిటి? ఆ మాటను ఎవరికీ చెప్పలేదు, ప్రమీలకు కూడా.

ఆయన పోయాక కొన్నేళ్లు నా దగ్గరే ఉండి, తర్వాత మా అత్త ధర్మవరంలో కూతురి దగ్గరికి వెళ్లింది. ప్రమీల ఇంట్లో రెండు మగ్గాలు ఆడతాయి. ఆ చప్పుడుకు నిద్ర పట్టదని ఈమె సణుగుడు, ఉండలేకపోతే పొమ్మని ప్రమీల విసురు. నేను వారానికోసారి ఫోన్‌లో రెండువైపులా వినేదాన్ని. ఒక ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికొచ్చేసరికి ఆమె మా గడప మీద సంచితో కూర్చుని ఉంది. చెప్పకుండా వచ్చింది. మనిషి సగానికి సగం తగ్గిపోయింది.

"ఏమత్తా, ఎండలో కూర్చున్నావు? లోపలికి రా."

లోపలికి రాలేదు. నీళ్లిస్తే పక్కన పెట్టింది.

"ప్రమీల చెప్పినాది. కోపంలో నోరు జారినాది పాప. నేను పూడ్చింది వాని మందంట కదా."

నేను మాట ఇచ్చింది చెప్పనని. చెప్పింది నేను కాదు.

"కొవ్వు గడ్డంటిరే. కొవ్వు గడ్డని నాకు చెప్తిరే." ఆమె గొంతు పెరగలేదు. చేతులు మాత్రం ఒళ్లో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. "ఇంతకాలం నువ్వు నాకు అన్నం పెడితివి. ఒక్క మాటన్నా అనకపోతివి. తిట్టింటే బాగుండు."

"ఆయన అనొద్దన్నాడు."

ఆమె నా వైపు తిరిగింది. ఆ ముఖంలో మా ఆయన ముఖం ఉంది. అదే నుదురు, అదే గడ్డం.

"ఒక్కటి చెప్పు గ్రేసూ. ఆ సూది ఏసింటే వాడు బతికేటోడా?"

డాక్టరు వరండాలో చెప్పిన మాట నా నాలుక చివరనే ఉంది. చిన్న మాట. అది చెబితే ఈ ముసలామె ఆ నీళ్లు తాగి, లేచి లోపలికి వస్తుంది. రాత్రికి నిద్రపోతుంది. అన్నేళ్లుగా నాకు పట్టని నిద్ర గుర్తొచ్చింది. సమాధి దగ్గర ఆమె అన్న మాట గుర్తొచ్చింది. పాస్టరుగారి మెప్పులు గుర్తొచ్చాయి. దాచమన్నవాడు కూడా దీని గురించి నాకు ఏమీ చెప్పి పోలేదు.

"బతికేవాడే అత్తా" అన్నాను.

ఆమె ఏడవలేదు. నెమ్మదిగా తల ఆడించింది. ముందుకు వంగి, మట్టిపని చేసి గరుకెక్కిన రెండు చేతులతో నా చేయి పట్టుకుని కళ్లకద్దుకుంది.

"అందరూ నాకు అబద్ధమే చెప్పినారు తల్లీ. కడుపున పుట్టినోడు కూడా. నువ్వొక్కదానివే నిజం చెప్తివి."