ఐసుముక్కల దొంగ

పదకొండేళ్ల ఆ పిల్లను ఇంటిల్లిపాదీ పిడుగు అనే పిలిచేవారు. నడక అనేది తనకు సంబంధించిన విషయం కానట్టు ఎక్కడికైనా పరుగెత్తుకుంటూనే వెళ్లేది. ఆరేళ్ల వయసులో షుగర్ వ్యాధి బయటపడి, పూటపూటా ఇన్సులిన్ సూది తప్పనిసరి అయినా ఆ పరుగు ఆగలేదు. వేలు గుచ్చి రక్తపుబొట్టు మీటరుకు అంటించడం, అంకె చూసుకోవడం, తినబోయేదాన్ని బట్టి మందు లెక్కకట్టడం, అన్నీ జడ వేసుకున్నంత తేలిగ్గా చేసుకునేది.

చిక్కల్లా ఒక్కటే. ఆమె పుట్టింది బేకరీ నడిపేవాళ్ల ఇంట్లో. కింద కొట్టు, పైన ఇల్లు. తెల్లవారేసరికి వెన్న వాసన మెట్లెక్కి వచ్చి అందరినీ నిద్ర లేపేది. నాన్న పొయ్యి దగ్గర, అమ్మ గల్లాపెట్టె దగ్గర, నాన్నమ్మ ఇద్దరి నెత్తిమీదా ఉండేవారు. చుట్టూ ఇన్ని కేకులున్నా పిడుగు చెయ్యి చాపేది కాదు. ఎప్పుడైనా ఒక ముక్క తినాలనిపిస్తే అడిగి, లెక్క చూసి, సూది వేసుకుని మరీ తినేది.

అలాంటి పిల్ల ఆ ఏడాది ఎందుకో మెత్తబడింది. సగం మెట్ల మీద కూర్చుండిపోయేది. పరుగుపందేనికి పేరివ్వలేదని బడి నుంచి కబురొచ్చింది. "ఎదిగే వయసు, నీరసంగానే ఉంటుంది" అని నాన్నమ్మ తేల్చేసింది. నీరసానికి విరుగుడుగా చక్కెర లేని టీ చిక్కగా కాచి, పొద్దున రొట్టెతో ఒకసారి, మధ్యాహ్నం భోజనంతో ఒకసారి, సాయంత్రం మళ్లీ ఒకసారి తాగించింది. షుగర్ లేనిదేదైనా మనవరాలికి పెట్టగలగడం ఆవిడకు పండగ.

ఆసుపత్రిలో మామూలుగా చేసే పరీక్షల రోజున డాక్టరమ్మ కాగితం కేసి, మీటరు కేసి రెండు మూడుసార్లు చూసింది.

"మీటర్లో అంకెలు బాగున్నాయి. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష మాత్రం పోయినసారికంటే బాగా పెరిగింది. రెండూ పొసగడం లేదు" అంది. పిడుగు వైపు వంగి, "మీటరుకు చెప్పకుండా ఏమైనా తింటున్నావా తల్లీ? తిట్టను, చెప్పు" అంది మెత్తగా.

"లేదండీ" అంది పిడుగు.

"సరే. రెండు వారాల పాటు, తిన్న తర్వాత కూడా గుచ్చి చూడండి. అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం."

ఇంటికి రాగానే నాన్న అద్దాల అలమరలోంచి క్రీము కేకులన్నీ తీసేశాడు. మర్నాటి నుంచి రొట్టె, బన్ను తప్ప ఏమీ చెయ్యనన్నాడు.

"నాన్నా, నేను తినలేదు" అంది పిడుగు.

"తిన్నావని నేనన్నానా?"

"అనకుండానే తీసేశావుగా."

ఆ పిల్ల మీటరు పట్టుకుని పైకి వెళ్లిపోయింది. ఈసారి మెట్ల మధ్యలో ఆగకుండా వెళ్లడానికి ఎంత కష్టపడిందో అమ్మ కింద నుంచి చూసింది.

నాన్నమ్మ మాత్రం ఈ వ్యవహారాన్ని అంతటితో వదల్లేదు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి తీరిక లేదు, నాకుంది" అంది కోడలితో. మధ్యాహ్నం కొట్టు సద్దుమణిగిన వేళ, వెనకగదిలో పెద్ద ఫ్రీజరు తలుపు చప్పుడు కావడం ఆవిడ రెండు మూడుసార్లు విని ఉంది. కేకుల మీద వేసే క్రీము అందులోనే ఉంటుంది.

"అత్తయ్యా, పిల్లని దొంగలా చూడొద్దు" అంది అమ్మ.

"దొంగ కాదని తేల్చడానికే వెళ్తున్నాను" అని, ఆ ఆదివారం మధ్యాహ్నం నాన్నమ్మ వెనకగదిలో పిండిబస్తాల చాటున ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

కాసేపటికి పిడుగు వచ్చింది. అటూ ఇటూ చూసి ఫ్రీజరు తెరిచింది. చెయ్యి లోపల పెట్టి ఏదో నోట్లో వేసుకుంది. కటకటమని చప్పుడు. మళ్లీ చెయ్యి పెట్టింది.

"ఆగు" అంటూ నాన్నమ్మ బస్తాల చాటు నుంచి లేవబోయింది. ఆ లేవడంలో పైన వదులుగా కట్టిన బస్తా ఒరిగి, మైదా అంతా ఆవిడ నెత్తిన పడింది. పిడుగు ఎదురుగా తెల్లటి ఆకారం నిలబడి, "నోరు తెరువు" అని హుకుం జారీ చేసింది.

పిడుగు భయంతో నోరు తెరిచింది. లోపల క్రీము లేదు, కేకు లేదు. సగం కొరికిన ఐసుముక్క ఉంది.

"ఇదేంటే?"

"ఐసు."

"ఐసా? ఐసు ఎవరైనా దొంగతనంగా తింటారా?"

"ఎందుకో తెలీదు నాన్నమ్మా. నమలాలనిపిస్తుంది. ఆపుకోలేకపోతున్నా. పిచ్చిదాన్ననుకుంటారని ఎవరికీ చెప్పలేదు" అంటూ ఏడ్చేసింది. నాన్నమ్మ మనవరాలిని దగ్గరకు తీసుకుంది. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన నాన్నకు, అమ్మకు కనబడింది నేల నిండా మైదా, మధ్యలో ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్న రెండు తెల్లబొమ్మలు. ముందు అమ్మకు నవ్వొచ్చింది. తర్వాత అందరికీ.

"గొంతు చల్లబడి ఉంటుంది" అని నాన్నమ్మ వెంటనే ఇంకో కప్పు టీ కాచింది.

రెండు వారాలు తిరిగేసరికి మళ్లీ ఆసుపత్రికి వెళ్లారు. మీటర్లో అంకెలు ఎప్పటిలాగే బాగున్నాయి. డాక్టరమ్మ ఆలోచనలో పడింది. ఊరికే కూర్చోలేక నాన్నమ్మ మైదా కథ ఎత్తుకుంది. తనెలా మాటు వేసిందీ, బస్తా ఎలా ఒరిగిందీ అభినయించి చెప్పి, "చివరికి దొరికిందేమిటంటే డాక్టరమ్మా, ఐసుముక్క" అంది.

అందరూ నవ్వారు, డాక్టరమ్మ తప్ప.

"ఐసు రోజూ నములుతోందా? నీరసం ఉందా? ఆటలు తగ్గాయా?" అని వరసగా అడుగుతూ లేచి వచ్చి, పిడుగు కింది కనురెప్ప లాగి చూసింది. గోళ్లు చూసింది. "టీ, కాఫీ తాగుతావా?"

"రోజుకి మూడుసార్లు. చక్కెర లేకుండా" అంది పిడుగు. నాన్నమ్మ గర్వంగా తలూపింది.

"ఒంట్లో ఐరన్ తగ్గిందేమో. తగ్గినవాళ్లలో కొందరికి ఇలా ఐసు నమలాలనిపిస్తుంది. రక్తం తీసి చూద్దాం. షుగర్ ఉన్న పిల్లల్లో కొంతమందికి గోధుమ పడకపోవడం వల్ల కూడా ఐరన్ తగ్గుతుంది, అదీ చూద్దాం."

గోధుమ అన్న మాటకు నాన్న మొహం పిండిలా పాలిపోయింది. ఫలితాలు వచ్చేదాకా ఆయన రొట్టె ముద్ద కేసి శత్రువును చూసినట్టు చూశాడు.

గోధుమతో ఏ గొడవా లేదని తేలింది. ఐరన్ మాత్రం అడుగంటింది.

"మరి షుగర్ సగటు ఎందుకు పెరిగిందండీ?" అంది అమ్మ.

"మీ కొట్టు సంగతే చూడండి" అంది డాక్టరమ్మ. "కొత్త సరుకు సరిగా రాకపోతే పాత రొట్టెలే అలమరలో ఎక్కువ రోజులు ఉంటాయి. వాటి మీద దుమ్మూ ఎక్కువ పడుతుంది. అంతమాత్రాన ఊళ్లో దుమ్ము పెరిగినట్టు కాదుగా. రక్తకణాలూ అంతే. ఐరన్ చాలకపోతే కొత్తవి తక్కువ పుడతాయి, పాతవాటికి చక్కెర ఎక్కువ అంటుకుని ఉంటుంది. ఆ పరీక్ష కొలిచేది దాన్నే. అందుకే ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది. మీ అమ్మాయి షుగర్ని బాగానే చూసుకుంటోంది." ఆగి, పిడుగుతో అంది, "నిన్ను అనుమానించాను. తప్పు నాదే తల్లీ."

పిడుగు తల దించుకుంది. ఆ దించుకోవడంలో నవ్వు దాచుకోవడమే ఎక్కువ.

"టీ తిండిలో ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. పిల్లకి ఇక టీ వద్దు" అంది డాక్టరమ్మ. నాన్నమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "టీ ఒక్కటే కారణం కాదులెండి, ఎదిగే వయసు కూడా" అని డాక్టరమ్మ సర్దిచెప్పినా, ఆ రోజు నుంచి ఇంట్లో టీ గిన్నె పొయ్యెక్కలేదు. తనూ టీ మానేసి, తలనొప్పితో రెండు రోజులు గోడకు ఆనుకుని కూర్చున్నా నాన్నమ్మ పట్టు విడవలేదు. పప్పులు, ఆకుకూరలు, గుడ్లు, ఐరన్ ఒంటికి పట్టాలని పక్కన ఓ నిమ్మచెక్క పెట్టి, "తినవే, నా ప్రాయశ్చిత్తం" అనేది.

డాక్టరమ్మ రాసిచ్చిన ఐరన్ మందు రుచి తుప్పు నాకినట్టుందని పిడుగు మొహం చిట్లించేది. మందు వల్ల పొద్దున్నే బాత్రూములో అంతా నల్లగా కనబడేసరికి మొదట హడలిపోయి, అలా కావడం మామూలేనని తెలిశాక ఆ వార్త రోజూ ఇంటిల్లిపాదికీ చాటించేది.

"కొట్టు ముందు కూడా చాటించు, వినేవాళ్లుంటే" అంది అమ్మ.

వారాలు గడిచేకొద్దీ చెంపలకు రంగొచ్చింది. ఫ్రీజరు మాటే మరిచిపోయింది. ఒక రోజు మెట్ల మీద దడదడమని చప్పుడైతే, పైనుంచి ఏదో దొర్లిందనుకుని నాన్న చేతిలో పళ్లెంతో బయటికొచ్చాడు. దిగింది పిడుగే. రెండేసి మెట్లు దూకుతూ, ఆయన్ను తప్పించుకుని, వీధిలోకి వెళ్లిపోయింది. నాన్న కాసేపు అక్కడే నిలబడ్డాడు. లోపల బన్నులు మాడాయి. ఆయన ఏమీ అనుకోలేదు.

తర్వాత చేసిన పరీక్షలో సగటు మళ్లీ పాత చోటికి దిగింది. డాక్టరమ్మ కాగితాన్ని పిడుగు చేతికే ఇచ్చి చదవమంది.

ఇంటికొచ్చాక నాన్న పిల్ల ఎదుట నిలబడి, "ఆ రోజు నీ మాట వినాల్సింది" అన్నాడు. "ఏం కావాలో అడుగు."

"పని నేర్పు" అంది పిడుగు. "ఎప్పుడూ చిన్నదానివి, చేతుల్లో బలం లేదంటావుగా."

నాన్న పిల్ల నడుముకు గుడ్డ కట్టాడు. పెద్దబల్ల మీద పిండిముద్ద వేసి, అరచేతి మొదలుతో ఎలా నొక్కాలో, ఎలా మడవాలో చూపించాడు. పిడుగు మునివేళ్ల మీద లేచి, ఒంటి బరువంతా మోపి పిసికింది. చెమట పట్టినా ఆపలేదు. ముద్ద నున్నగా, చంటిబిడ్డ బుగ్గలా సాగడం మొదలైంది.

"చాల్లే, ఊపిరి పీల్చుకో" అన్నాడు నాన్న.

"నువ్వు పీల్చుకో నాన్నా. నేను ఇంకో ముద్ద చేస్తా" అంది పిడుగు, చెయ్యి చాపి.