వదులు దుప్పటి

తడిగుడ్డ పిండి, మామ వీపును మెడ నుంచి నడుము దాకా ఒకే తీరున తుడుచుకుంటూ వచ్చాడు ఖలీలుల్లా. పొడిగుడ్డతో అద్ది, ఎముకలు తేలిన చోట కొంచెం పౌడరు రాసి, అరచేత్తో గుండ్రంగా రుద్దాడు. మంచం మీద మనిషి ఉండగానే దుప్పటి మార్చడం అతడికి వెన్నతో పెట్టిన విద్య. మామను గోడవైపు ఒత్తిగిలించి, పాత దుప్పటిని వీపు దాకా చుట్టి, దాని వెనకే ఉతికినది పరిచాడు. మామను ఇటువైపు దొర్లించి పాతది లాగేశాడు. పైన కప్పిన దుప్పటిని కాళ్ల దగ్గర మడిచి, బొంత కిందికి బిగించి దోపాడు. మిలిటరీ ఆస్పత్రిలో కర్నలు రౌండుకు వస్తే ముందు చూసేది రోగి మొహాన్ని కాదు, ఈ మడతలనే.

"ఒరే, మళ్లా కాళ్లు కట్టేసినావేందిరా" అన్నాడు మామ అబ్దుల్ రజాక్.

ఆ ఒక్క మాటకే ఆయన రొప్పుతున్నాడు. దుప్పటి కింద పాదాలు రెండూ గింజుకుంటున్నాయి. ఖలీలుల్లా నాలుక కరుచుకుని అంచులు ఊడలాగాడు. పాదాలు బయటికి వచ్చాయి. వెడల్పాటి పాదాలవి. బొటనవేలికీ పక్కవేలికీ నడుమ వేలు పట్టేంత సందు ఉంది. ఉదయగిరి కొండ కింద ఈ వీధిలో చెక్క చెంచాలూ గరిటెలూ చేసేవాళ్లు కొయ్యను కాళ్లతోనే పడతారు. చేతులు రెండూ ఉలికీ సుత్తికీ కావాలి కదా. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పనే చేసిన రజాకు సాయిబు పాదాలు, మనిషి మంచాన పడ్డా ఇంకా కొయ్య కోసం వెతుక్కుంటున్నాయి. సెలవు మీద వచ్చిన తొలిరోజు ఈ సంగతి ఖలీలుల్లాకు తట్టలేదు. జబ్బు ముదిరి నిద్ర పట్టడం లేదనుకుని నిద్రమాత్ర కోసం పెట్టె వెతికాడు. భార్య బషీరున్నీసా వచ్చి దుప్పటి అంచు లాగేసింది. ముసలాయన కాసేపట్లో గురక పెట్టాడు. ఆ సంగతి తెలిసి కూడా, రోజూ పొద్దున ఖలీలుల్లా చేతులు తమంతట తాము దుప్పటిని దోపుతూనే ఉన్నాయి.

రజాకు సాయిబు అతడికి మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. తండ్రి పోయాక ఈ ఇంట్లోనే, ఈ చెక్కపొట్టులోనే పెరిగాడు. ఉలి పట్టడం మాత్రం అబ్బలేదు. "నీ చేతులు చెక్కేదానికి పనికిరావురా, తుడిచేదానికి పనికొస్తాయి" అని మామ నవ్వేవాడు. ఆ మాటే నిజమైంది. పట్టాళంలో చేరితే మెడికల్ కోరులో వేశారు. నర్సింగ్ అసిస్టెంటుగా మొదలుపెట్టి ఇప్పుడు హవల్దారయ్యాడు. పఠాన్‌కోట్ ఆస్పత్రిలో వార్డు అతడి చేతిమీదుగా నడుస్తుంది. ఈసారి సెలవుకు బయల్దేరేటప్పుడు ఆఫీసరు పిలిచి, సర్వీసు పొడిగించుకుంటావా, పెన్షను తీసుకుని ఇంటికి పోతావా, తిరిగొచ్చేనాటికి తేల్చుకో అన్నాడు. ఇంటికొచ్చేసరికి ఆత్మకూరులో కొత్తగా పెట్టిన ప్రైవేటు ఆస్పత్రివాళ్లు మగవార్డుకు నర్సు కావాలని కబురు పెట్టారు. ఈరోజు పోయి వాళ్లతో మాట్లాడాలి.

బషీరున్నీసా సగ్గుబియ్యం జావ తెచ్చింది. స్టీలు చెంచా పళ్లకు తగిలితే ముసలాయనకు ఒళ్లు మండుతుంది. ఆయనకు తన గరిటె కావాలి. మంచాన పడకముందు మొదలుపెట్టిన నర్దికొయ్య గరిటె అది. గుంట నున్నగా వచ్చింది కానీ కాడ ఇంకా బెరడుతోనే ఉంది. ఆ మొరటు కాడ పట్టుకునే బషీరున్నీసా జావ తాపించింది. నాలుగు గుక్కలు మింగి ఆయన తల తిప్పేశాడు.

"కాడ చెక్కాల" అన్నాడు.

"చెక్కుదువులే నాయనా. ముందు తాగు."

నెల్లూరు డాక్టరు ఊపిరితిత్తుల్లో ఇంకేమీ మిగల్లేదని చెప్పి ఇంటికి పంపేశాడు. కాడ చెక్కే రోజు రాదని ముగ్గురికీ తెలుసు.

గుమ్మం దాకా వచ్చి బషీరున్నీసా భర్త చొక్కా కాలరు సరిచేసింది. మేనరికం కాబట్టి మొగుడికి మర్యాదలు అవీ ఆమెకు అలవాటు లేదు. "ఉంటే ఉంటానని చెప్పు, లేకుంటే లేదని చెప్పు. నానబెట్టబాక" అంది. "నువ్వు యాడుండినా నేను బతకతా. అలవాటైపోయుండాది." ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే అతడికి ఎక్కువ నొప్పి వేసింది.

బస్టాండులో టీకొట్టు దగ్గర లారీ డ్రైవరు సుభాన్ పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద తన్నులు తిన్నవాళ్లు.

"ఏందిరా ఖలీలూ, తెల్లగౌను కుట్టించుకుంటాండావంటనే?"

"నీకూ ఒకటి కుట్టిస్తా రా, లారీ నడిపేటప్పుడు గాలాడతాది."

టీకొట్టంతా గొల్లుమంది. ఖలీలుల్లా కూడా నవ్వాడు. హవల్దారు పోయి మగనర్సు అయితే ఊళ్లో పరువేముంటుందన్నది అతడు అందరికీ చెప్పుకునే కారణం. బషీరున్నీసాకు కూడా అదే చెప్పాడు. అసలు కారణం వేరే ఉంది. అది ఎవరికీ చెప్పలేదు.

దుత్తలూరు దాటాక బస్సులో సీటు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని అతడు దాన్నే తలుచుకున్నాడు. ఇన్నేళ్లలో ఎందరో అతడి వార్డులో చనిపోయారు. యుద్ధం జరిగిన ఏడాది డిసెంబరులో వరండాలో కూడా పట్టనన్ని స్ట్రెచర్లు వచ్చాయి. కట్లు కట్టాడు, రక్తం కడిగాడు, రోజులకు రోజులు నిలబడే నిద్రపోయాడు. కానీ ఊపిరి పోయే గడియలో మాత్రం ఏ మంచం పక్కనా లేడు. ఆ గడియ ఎప్పుడొస్తుందో అతడికి ముందే తెలిసేది. తెలియగానే ఏదో ఒక పని గుర్తొచ్చేది. ట్రే కడగాలి, నీళ్లు కాగబెట్టాలి, స్టోరు నుంచి సీసా తేవాలి. తిరిగొచ్చేసరికి అయిపోయేది. అప్పుడు మళ్లీ నిబ్బరంగా తన పని తాను చేసేవాడు. పనిమంతుడని పేరొచ్చింది. చచ్చేవాళ్ల పక్కన కూర్చోవాలంటే అతడికి భయమని ఎవరూ కనిపెట్టలేదు. వాళ్లు ఎక్కడివాళ్లో, ఎవరి బిడ్డలో తెలియదు కనుక ఆ భయంతో నెట్టుకొచ్చాడు. మంచాల నంబర్లే గుర్తుండేవి. ఆ నంబరు మీదికి మర్నాడు ఇంకొకడు వచ్చేవాడు.

ఆత్మకూరు ఆస్పత్రిలో నర్సులకు పెద్దదిక్కు రెబెకమ్మ. జుట్టు పూర్తిగా నెరిసింది. చీర చెంగు నడుముకు దోపుకుని, చేతిలో ధర్మామీటరు పట్టుకుని ఎదురొచ్చింది. కూర్చోమని కూడా అనలేదు. "రా నాయనా, పని చేసుకుంటానే మాట్లాడుకుందాం" అని మగవార్డులోకి తీసుకుపోయింది.

ఒక మంచం చూపించి దుప్పటి మార్చమంది. ఖలీలుల్లా మార్చాడు. అంచులు దోపబోయి ఆగి, కాళ్ల దగ్గర వదులుగా వదిలేశాడు. ఆమె అది గమనించింది. మంచం మీద కాలు విరిగిన రైతు ఉన్నాడు.

"ఈయనకు మధ్యాన్నం సూది ఉండాది. ఎవరికని చెపుతావు డాక్టరుకు?"

"అయిదో నంబరు."

"నంబరు నేనడగలేదే" అంది రెబెకమ్మ.

మంచం మీది మనిషే అందుకున్నాడు. "నా పేరు పెంచలయ్య సామీ. సీతారామపురం. నువ్వు రజాకు సాయిబు అల్లుడివి గదా? పోయిన ఉరుసులో చూసినాలే. మా ఇంట్లో గరిటెలన్నీ మీ మామ చేతివే. ఎట్టుండాడు పెద్దాయన?"

"ఉండాడు" అన్నాడు ఖలీలుల్లా. తీసిన దుప్పటిని మడిచి చేతికి వేసుకున్నాడు.

వరండాలోకి వచ్చాక రెబెకమ్మ ధర్మామీటరు విదిలించి కేసులో పెట్టింది. "నీ చెయ్యి మంచి చెయ్యి. అది ఒకసారి చూస్తే తెలిసిపోతాది. నేనడిగేది వేరే. ఇక్కడ అందురూ నీవోళ్లే. నువ్వు సూది వేసినోడు రేపు సంతలో ఎదురుపడతాడు. బతకలేకపోయినోడి పెండ్లాం కూడా ఎదురుపడతాది. ఆఖర్న ఎట్టా పోయినాడన్నా, ఏమన్నా అడిగినాడా అని నిన్నే అడగతాది. అప్పుడు నువ్వు ఏం చెపుతావు? అది ఓర్చుకోగలిగితే రా. లేకుంటే నీ పట్టాళమే నీకు మేలు. నేనేమీ అనుకోను."

ఇంతకాలం దాచుకున్నది ఈమె ఒక్క చూపులో కనిపెట్టేసిందా అనుకున్నాడు ఖలీలుల్లా. రెండు రోజుల్లో చెపుతానని బయటపడ్డాడు. రాదలుచుకోలేదని బస్సెక్కేలోపే తేల్చుకున్నాడు. పఠాన్‌కోట్ మేలు. అక్కడ సంతలో ఎవరూ ఎదురుపడరు. ఆ నిర్ణయంతో మనసు తేలికపడుతుందనుకున్నాడు కానీ పడలేదు. మామ కోసం బత్తాయిలు కొనుక్కుని, వాటిని ఒళ్లో పెట్టుకుని దారి పొడుగునా కూర్చున్నాడు.

ఇల్లు చేరేసరికి ఎండ వాలుతోంది. గడపలోనే అతడికి ఆ చప్పుడు వినిపించింది. ఊపిరి రెండు మూడు సార్లు పెద్దగా వచ్చి, ఆగి, మళ్లీ వస్తోంది. అదేమిటో అతడికి తెలుసు. బత్తాయిలు గూట్లో పెట్టాడు. నాడి చూశాడు. తలకింద దిండు కొంచెం ఎత్తు చేశాడు. మంచం కింద జావ గిన్నె కనిపించింది. కడగకుండా అలాగే ఉంది. దాన్ని తీసుకుని పెరటివైపు కదిలాడు.

"యాడికి పోతాండావు?" అంది బషీరున్నీసా.

"గిన్నె కడగాల. నీళ్లు కూడా కాగబెట్టి..."

"ఆ గిన్నె నేను కడగతా రేపు. నువ్వు ఈడ కూసో."

ఆమె గొంతు పెంచలేదు. తండ్రి తల పక్కన కూర్చుని కొంగుతో ఆయన నుదురు తుడుస్తోంది. భర్త వైపు కూడా చూడలేదు. "నాకు బయంగా ఉండాది. కూసో" అంది మళ్లీ.

ఖలీలుల్లా గిన్నె కింద పెట్టాడు. అందులో ఉన్న గరిటె జారి నేల మీద పడింది. కాళ్లు పెరటివైపే లాగుతున్నాయి. అయినా మంచం కొసన, మామ పాదాల దగ్గర కూర్చున్నాడు. చేతులకు ఏ పనీ లేకుండా మంచం దగ్గర కూర్చోవడం అతడికి ఇదే మొదలు. ఏం చేయాలో తోచక ఆ పాదాల మీద చెయ్యి వేశాడు. అరికాళ్లు చల్లబడుతున్నాయి. వేళ్లు మాత్రం ఇంకా వెతుక్కుంటున్నాయి. కుడికాలి బొటనవేలు అతడి మణికట్టును తాకింది. పక్కవేలు అటునుంచి వచ్చింది. రెండూ కలిసి మణికట్టు ఎముకను పట్టుకున్నాయి. ఒట్టి వేళ్లలో అంత పట్టు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. కొయ్య జారకుండా పట్టినట్టు పట్టాయి.

అతడు చెయ్యి కదపలేదు. బషీరున్నీసా తండ్రి పెదవుల మీద చెంచాతో నీళ్లు వదిలి, చెవి దగ్గర కలిమా చదివింది. ఖలీలుల్లా కూడా గొంతు కలిపాడు. ఊపిరి ఒకటి వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి వచ్చింది. తర్వాత రాలేదు. మణికట్టు మీద వేళ్లు ఒక్కసారిగా కాక మెల్లగా, పని ముగించినట్టు వదులయ్యాయి. భయం అతడు అనుకున్నంత పెద్దదిగా లేదు. దుఃఖం మాత్రం అనుకున్నదానికంటే చాలా పెద్దది. పట్టాళంలో ఒక్కసారీ ఏడవనివాడు ఆ పాదాల మీద తల పెట్టి బావురుమన్నాడు. ఎవరెవరి కోసం ఏడుస్తున్నాడో అతడికే తెలియదు.

తర్వాత చేయవలసినవి అతడే చేశాడు. కనురెప్పలు మూశాడు. పాతగుడ్డ చించి గడ్డం కింది నుంచి తలమీదికి కట్టాడు. ఇంకో పేలిక తీసుకుని కాలి బొటనవేళ్లు రెండూ దగ్గరికి చేర్చాడు. వాటిని కలిపి కట్టాలి. ఇక్కడా అదే పద్ధతి, అక్కడి ఆస్పత్రిలోనూ అదే పద్ధతి. ఎందరికో కట్టాడు. ఇప్పుడు పేలిక చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. పొద్దున "కాళ్లు కట్టేసినావేందిరా" అని మామ అన్న మాట చెవిలో మోగింది.

బషీరున్నీసాకు అర్థమైంది. "గట్టిగా కట్టబాక" అంది.

వదులుగా ఒక్క ముడి వేశాడు.

వీధిలోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అరుగు మీద కూర్చుంటున్నారు. సుభాన్ లారీ ఎక్కడో వదిలేసి పరుగెత్తుకొచ్చి, స్నేహితుడి భుజం పట్టుకుని నిలబడ్డాడు. సీతారామపురం నుంచి, వరికుంటపాడు నుంచి బంధువులు రావాలి కనుక ఖననం పొద్దున్నే అనుకున్నారు. చూడవచ్చిన ఒక ముసలామె గుమ్మంలో ఖలీలుల్లాను ఆపి, "ఆఖర్న ఎట్టా పోయినాడు నాయనా? అవస్త పడినాడా?" అని అడిగింది.

"లేదవ్వా. నా చెయ్యి పట్టుకోనుండి, మెల్లంగా వదిలినాడు. నేను పక్కనే ఉన్నాను."

ఆ మాట అన్నాక అతడు గోడకు ఆనుకున్నాడు. బషీరున్నీసా బయటికి వచ్చినప్పుడు చెప్పాడు. "పఠాన్‌కోటుకు పోయి, పెన్షను తీసుకుంటానని చెప్పి, నా పెట్టె తెచ్చుకుంటా. ఆత్మకూరులో చేరతాను."

"తెచ్చుకో" అంది ఆమె. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. "ఇన్నాళ్లూ నానబెట్టినావు గదా, ఇప్పుడెట్టా తేల్చినావు?"

"మామే తేల్చినాడు."

లోపల మంచం పక్కన, ఎవరూ ఇంకా ఊడ్వని నేల మీద, గుంటలో సగ్గుజావ ఎండిపోయి, బెరడు తీయని కాడతో ఆ నర్దికొయ్య గరిటె పడి ఉంది.