సగం జీతం కోత

నెటీకి కోపం వస్తే ముందు చేతులు తుడుచుకుంటుంది. ఆ బుధవారం పొద్దున కమ్యూనిటీ హాలు వంటింట్లో పొడి చేతుల్నే మళ్లీ మళ్లీ తుడుచుకుంటుంటే నేను కూరగిన్నె కింద మంట తగ్గించి పక్కకు జరిగాను.

కెనడాలోని మా సస్కాచెవాన్ చలికాలంలో గడప దాటలేని ముసలివాళ్లకు మేం వండి, వేడి చల్లారకుండా ఇళ్లకు తీసుకెళ్లి ఇస్తాం. నెటీ మా అందరికీ పెద్ద. నేను డ్రైవర్ని. ఎవరి ఇల్లు ఏ దారిలో ఉంది, ఎవరికి ఉప్పు తగ్గించాలి, ఎవరికి తీపి పడదు, ఇవన్నీ కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం చూసుకుంటుంది. ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంటే నెటీయే తెచ్చి పెట్టింది. కాగితాలతో ఇంక పనేముందని పాత జాబితాలన్నీ పొయ్యిలో పడేసింది కూడా ఆవిడే.

ఆ ప్రోగ్రాం ఆ పొద్దున తనంతట తాను కొత్తదానికి మారింది. మారాక ఇళ్లు ఉన్నాయి, దారులు ఉన్నాయి, పథ్యాలు మాత్రం మాయమయ్యాయి. బీట్‌రూట్ సూప్, అదే బోర్ష్, కాగింది, క్యాబేజీ రోల్స్ ఉడికాయి, డబ్బాలు మూతలు తెరుచుకుని కూర్చున్నాయి. ఏది ఎవరికి పెట్టాలో తెలియదు. గుర్తున్నంతవరకు సర్దేద్దాం అన్నాను.

"గుర్తు తప్పితే? షుగర్ ముదిరినవాళ్లకి తీపి పోతే వాళ్ల పిల్లలకి నువ్వు చెబుతావా సమాధానం?" అంది నెటీ. "ఆ కంపెనీకి ఫోన్ చేస్తా. ఏం మనుషులే వీళ్లు!"

ప్రోగ్రాం అడుగున ఒక ఫోన్ నంబరుంది. నెటీ స్పీకర్ పెట్టి బల్లమీద ఉంచింది. ఒకావిడ ఎత్తింది.

"ఆల్డెన్ కావాలా? పడుకున్నాడండీ."

నెటీ గోడగడియారం వంక, నావంక చూసింది. "పొద్దెక్కింది కదమ్మా! పనివేళల్లో పడుకోవడమేంటి? ఇక్కడ మా ముసలివాళ్లు తిండికోసం ఎదురుచూస్తున్నారు. మీ మేనేజర్ని పిలవండి."

"అడుగు, అడుగు," అని నేను పక్కనుంచి ఎగదోశాను. నాకదేదో సరదాగా అనిపించింది.

అవతల ఏదో తలుపు మెల్లగా మూసిన చప్పుడైంది. తర్వాత ఆవిడే, "మేనేజర్ని నేనే, చెప్పండి," అంది.

నెటీ చెప్పింది. మామూలుగా చెప్పలేదు. దులిపేసింది. చెప్పాపెట్టకుండా మార్చేస్తారా, వాడేవాళ్లంటే లెక్కలేదా, ఇలాంటివాణ్ణి పనిలో ఎలా ఉంచుకున్నారు అని అడిగింది. ఆవిడ అన్నీ ఓపిగ్గా విని, "అయితే ఏం చేయమంటారు?" అంది.

"జీతం కోయండి. అప్పుడు తెలుస్తుంది."

"ఎంత కోయమంటారు?"

"సగం!"

"సరే, సగం కోసేస్తాను. ఉండండి, లేపి ఫోన్ చేయిస్తా."

కాసేపటికి నెటీ సెల్‌కి ఆల్డెన్ ఫోన్ చేశాడు. గొంతు బొంగురుగా ఉంది, మధ్యలో ఆవలింతలు ఆపుకుంటున్నాడు. కసురుకోలేదు. "పొరపాటు నాదేనమ్మా, పథ్యాలు ఎక్కడికీ పోలేదు, కనపడకుండా అయ్యాయంతే," అని అది నొక్కండి, ఇది మూసి తెరవండి అని చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. ఒకసారి కుదరలేదు. మళ్లీ ఏదో సరిచేసి పంపాడు. పథ్యాలు వచ్చేశాయి. నెటీ థాంక్సయినా చెప్పకుండా పెట్టేసి, "చూశావా, పైవాళ్లతో చెప్పించాలి. లేకపోతే కదలరు," అంది. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

డబ్బాలన్నీ సర్దుకుని బయల్దేరాం. బయట మైనస్ ముప్పై. నెటీ నాతోపాటు వ్యాన్‌లో వచ్చింది. ఆఖరి ఇల్లు విల్ఫ్ గారిది, ఊరికి దూరంగా పొలాల మధ్య. భార్య పోయాక ఒక్కడే ఉంటాడు.

పెద్దాయన తలుపు దగ్గరే మూత తీసి బోర్ష్‌లో వేలు పెట్టాడు.

"చల్లారిపోయింది. సోయకూర కూడా తక్కువేశారు. ఏమ్మాయ్, ఇలా తెచ్చిపెడితే ఎలా తినాలి? మీ పైవాళ్లెవరు? వాళ్ల నంబరివ్వు."

అమ్మాయ్ అన్నది అరవై దాటిన నెటీని. ఆవిడ పళ్లు బిగబట్టి నవ్వి, వ్యాన్ ఎక్కి తలుపు దబ్బున వేసింది. నేను బండి తిప్పి ఆయన ఇంటి దారిలోంచి రోడ్డుమీదికి తెస్తుంటే మొదలెట్టింది.

"మనమేమన్నా వాడి జీతగాళ్లమా డోరీన్? జీతం లేదు, నాతం లేదు. పెట్రోలు మనది, మోకాళ్లు మనవి. ఊరికే పెడుతుంటే వంకలు! పైవాళ్ల నంబరు కావాలంట. చేసేవాళ్లు దొరికారు కదా అని నెత్తికెక్కడమే!"

నేను అవునన్నట్టు తలూపాను. ఇంతలో ఫోన్ మోగింది. చేతులకు గ్లవ్స్ ఉన్నాయని నెటీ స్పీకర్ నొక్కింది. పొద్దున మాట్లాడిన మేనేజరమ్మ.

"భోజనాలు అందరికీ అందాయా అండీ?"

"అందాయి. మీరే ఫోన్ చేశారే! ఇదీ పద్ధతంటే," అంది నెటీ మెత్తబడి.

"ఆల్డెన్ అడగమన్నాడు. ముసలివాళ్లు తిన్నారో లేదో తెలిస్తేగాని పడుకోనని కుర్చీలోనే కూర్చున్నాడు. నైట్ షిఫ్ట్ చేసొచ్చాడు, సాయంత్రం మళ్లీ డ్యూటీ ఎక్కాలి."

"మీ ఆఫీసులో నైట్ షిఫ్టులు కూడానా?"

"ఆఫీసేం లేదమ్మా. ఆయన పొటాష్ గనిలో పనిచేస్తాడు. నేను రొవీనాని, వాళ్లావిణ్ణి. పొద్దున మీరు మేనేజరు మేనేజరు అంటుంటే ఏమనాలో తోచక అలా అనేశాను. తప్పయితే ఏమనుకోకండి."

నెటీ ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుంది.

"వాళ్లమ్మ మంచాన పడ్డప్పుడు మీలాంటివాళ్లే భోజనం తెచ్చిచ్చేవాళ్లు. అందుకని చేసిపెట్టాడు దాన్ని. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు అని అందరికీ వదిలేశాడు. తీసుకున్నవాళ్లు బోలెడుమంది. బాగుచేసేవాడు ఈయనొక్కడే. సెలవు రోజంతా దాంతోనే సరి."

"మరి… జీతం?" అంది నెటీ. ఎందుకడిగిందో ఆవిడకే తెలియదు.

"లేనిదాంట్లో కోశానుగా సగం," అంది రొవీనా. నవ్వినట్టే అంది గాని అందులో నవ్వు లేదు. "మీరన్నవేవీ ఆయనకి చెప్పలేదు. చెబితే మానేస్తాడని కాదు. చెప్పినా మానడు, అదే నా ఏడుపు."

"ఒక్కసారి ఆయన్ని పిలుస్తారా? నేను…"

"అందాయి అన్నారు కదా, అది వినేసి లోపలికెళ్లి పడుకున్నాడు. మళ్లీ లేపమని మాత్రం అడక్కండి."

ఫోన్ పెట్టేసింది. ఇంతకుముందు నెటీ విల్ఫ్ గారిని తిట్టిన తిట్లు ఇంకా వ్యాన్‌లోనే ఉన్నాయి. వాటిని మళ్లీ ఎవరూ అననక్కర్లేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అడుగు, అడుగు అన్నది నేనే కదా. నెటీ గ్లవ్స్ విప్పి, చేతులు ఒళ్లో పెట్టుకుని వాటివంకే చూస్తూ కూర్చుంది. తుడుచుకోలేదు.

"వెనక్కి తిప్పవే," అంది చివరికి.

విల్ఫ్ గారు తలుపు తీసి బిత్తరపోయారు. ఇంటిమీదికి పోట్లాటకొచ్చామనుకున్నారు. బోర్ష్ ముట్టుకోలేదు, మూత వేసి పక్కన పెట్టి ఉంది. నెటీ కోటు కూడా విప్పకుండా దాన్ని గిన్నెలోకి వంచి పొయ్యిమీద పెట్టింది. కలుపుతూ ఆయన వైపు వీపు పెట్టే నిలబడింది.

పెద్దాయన నావంక చూశాడు. నేను కిటికీవైపు తిరిగాను.

"ఏమ్మాయ్," అన్నాడు గొంతు తగ్గించి, "నేనేదో అన్నానని మీ పైవాళ్లు పంపారా?"

"అవును," అంది నెటీ.

"అయ్యో. ఊరికే అన్నానమ్మా. మీరు వెంటనే వెళ్లిపోతారని… ఏదో ఒకటి అంటే కాసేపు నిలబడతారని." మీసం సవరించుకున్నాడు. "నిన్నేమన్నా అన్నారా? జీతం గట్రా కోశారా?"

నెటీ గరిట ఆపింది. పొగకో దేనికో కళ్లు తుడుచుకుంది.

"సగం కోశారు," అంది.