సాగిన భూమి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. ఆ ఒక్క విషయంలో ఆమెతో నాకు పేచీ లేదు. 2005లో అచ్చంపేటలో గది తీసుకుని ఉన్నప్పుడైతే, పోట్లాడ్డానికి కూడా మనిషి దొరక్క అల్లాడిపోయాను. హైదరాబాదుకు ఫోన్ చేస్తే "తిన్నావా? సరే" అని పెట్టేసేది.

రాళ్ల వయసు, పుట్టుక చెప్పే సర్కారీ ఉద్యోగం నాది. నల్లమల అంచున కింద గ్రానైటు, పైన ఇసుకరాయి. ఆ రెండూ కలిసే చోటు రుక్కమ్మ అనే ఆమె రెండెకరాల చేలో బయటపడింది. తొలకరికి ఆమె నాగలి మాట్లాడుకుంటే నేనే ఆపాను. "దున్నితే నా గుర్తులన్నీ పోతాయమ్మా, పది రోజులాగు" అన్నాను. ఆ పది రోజులు కాస్తా మూడు నెలలయ్యాయి.

రోజూ వచ్చి గట్టు మీద కూర్చునేది. నేను చెబుతూ పోయేవాణ్ణి.

"దాదాపు నూట తొంభై కోట్ల ఏళ్ల కిందటి మాటమ్మా. అడుగు నుంచి వేడి తన్నింది, నేల అటూ ఇటూ సాగింది. సాగితే పల్చబడుతుంది కదా? పల్చబడి బీటలు వారింది. బీటల మధ్య ముక్క కిందికి దిగింది. ఆ గుంతలోకి నీళ్లొచ్చాయి, చుట్టుపక్కల ఇసుకంతా కొట్టుకొచ్చింది. ఆ బరువుకు ఇంకాస్త దిగింది. మొదట్లో అన్నీ చిన్న గుంతలే, ఎక్కడివక్కడే. బీటలు పెరిగి ఒకదాన్నొకటి అందుకుంటే గుంతలూ కలిసి పెద్దవవుతాయి. అందుకోనివి ఒంటిగా అలాగే పూడిపోతాయి."

"నిజంగ సాగిందా సారూ, నా భూమి?"

"సాగింది. ఒట్టు."

"గట్లని జర రాసిస్తవా?"

పదిహేనేళ్ల ఉద్యోగంలో నా మాట రాసిమ్మని అంత ఆశగా అడిగిన మనిషి లేదు. పొంగిపోయాను. "రుక్కమ్మ గారి భూమి నూట తొంభై కోట్ల ఏళ్ల కిందట సాగిందని పరిశీలనలో తేలింది" అని రాసి, సంతకం పెట్టి, ముద్ర కూడా కొట్టిచ్చాను.

వారం తర్వాత పటం కోసం మండలాఫీసుకు వెళితే లోపల ఒకటే నవ్వులు. గుమస్తా చేతిలో నా కాగితం. రుక్కమ్మ ఎమ్మార్వో ఎదురుగా నిలబడి ఉంది.

"మీరేనా సారూ గిది రాసింది?" అన్నాడు ఎమ్మార్వో. "ఈమెది లావణి పట్టా. సర్కారిచ్చిన భూమి. రెండేండ్ల సంది బీడే. ఈ ఏడు గూడ ఎయ్యకపోతే వాపస్ తీసుకుంటమని నోటీసిచ్చినం. సాగులో ఉందని రుజువు తెమ్మంటే గీ కాగితం తెచ్చింది."

నా మాట ఆమెకు ఎలా వినబడిందో అప్పుడర్థమైంది. ఆమె మాత్రం నన్ను చూడగానే ధైర్యంగా అంది. "చెప్పు సారూ. సాగిందన్నవ్ గద."

"సాగింది అంటే పంట కాదమ్మా. రబ్బరు సాగినట్టు..."

నవ్వులు ఇంకా పెరిగాయి. ఆమె మొహం పాలిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"ఆపండయ్యా నవ్వులు! ఈ ఏడు ఆ చేను బీడుగా ఉందంటే కారణం నేను. జూన్‌లో దున్నబోతే ఆపింది నేను. రాసుకోండి!"

"నోటి మాట నడ్వదు, మీరే రాసియ్యుండ్రి" అన్నాడు ఎమ్మార్వో. రాసిచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"ఉలవలకు ఇంక అదనుంది. నెలాఖరుకల్లా విత్తనం పడాలె. మీరు మాత్రం మల్ల ఆ చేన్ల కాలు పెట్టొద్దు."

ఇద్దరం బస్టాండు దాకా నడిచాం.

"భూమి నిలబెట్టినవ్ సారూ. ఎల్లుండి నాగలి కడుత. నీ గుర్తులన్నీ పోతయ్."

"పోతే పోనీ" అన్నాను గానీ, రేపటి నుంచి ఎవరితో మాట్లాడాలో తలుచుకుంటే భయమేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నిజంగానే భయమేసింది. ఆమె ఇంకాసేపు మాట్లాడితే బాగుండనిపించి, ఏదో ఒకటి అడగాలని అడిగాను.

"అవునూ, ముందు రెండేళ్లు ఎందుకు బీడు పెట్టావు?"

ఆమె ఆగి నా వైపు తిరిగింది.

"మా ఆయన సచ్చిపోయిండు సారూ. మూడు నెల్లు నీ పక్కకే కూసున్న. గిప్పుడు అడుగుతున్నవా?"

అంతలో బస్సొచ్చింది, ఆమె ఎక్కేసింది. ఆయన పేరు అడుగుదామని కిటికీ దగ్గరికి వెళ్లాను. బస్సు కదిలింది.