వదినగారింటి మురికి

సిస్టరమ్మ ఇంట్లో దుమ్ముకి అద్దెకి కూడా చోటు దొరకదు. పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి మరి! పెద్ద పెద్ద డాక్టర్లే ఆవిణ్ణి చూసి చేతులు ఇంకోసారి కడుక్కునేవాళ్ళు. ఇప్పుడు కడగడానికి ఆసుపత్రి లేదు. ఇల్లుంది, ఇంట్లో మొగుడున్నాడు.

పాపం డ్రైవరుగారు! బస్సు నడిపినన్నాళ్ళూ రాజాలా బతికాడు. ఇప్పుడు పొద్దున్నే ఆవిడ నేల తుడుస్తూ "తడి ఆరేదాకా బయట కూర్చోండి" అంటే మెట్ల మీద కూర్చునేవాడు. తడి ఆరి లోపలికొస్తే సోఫా మీద ఉతికిన దుప్పటి. కూర్చుంటే ముడత, ముడత పడితే చీవాట్లు. ఎందుకొచ్చిన గొడవలే అని మళ్ళీ మెట్ల మీదికే పోయేవాడు. రానురాను తిండికీ నిద్రకీ తప్ప లోపలికి రావడమే మానేశాడు. సిస్టరమ్మకి అది లోపల గుచ్చుకునేది. పైకి అంటుందా? ఆ నోరు తిట్టడానికి తెరుచుకున్నంత సులువుగా బతిమాలడానికి తెరుచుకోదు.

అలాంటాయన ఓ రోజు గోల్డ్‌ఫిష్‌ని పట్టుకొచ్చాడు. తెల్లటి ఒళ్ళు, తల మీద టోపీ పెట్టినట్టు ఎర్రగా ముద్దకట్టిన కండ, వెనకాల ఊగుతూ జోడు తోక. ఇంత పొట్టేసుకుని కులుక్కుంటూ ఈదుతుంటే పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా ఉంది. "దొరగారు" అని పేరు పెట్టేశాడు. హాల్లో పెద్ద గాజుతొట్టి, దానికో ఫిల్టరు, ఫిల్టర్లో స్పాంజి, అడుగున గులకరాళ్ళు, ఎదురుగా ఈయన కుర్చీ. ఇక చూస్కోండి, మొగుడూ దొరగారూ ఒకటే కబుర్లు! మెట్లు బోసిపోయాయి.

మామూలుగా అయితే సిస్టరమ్మ ఒంటికాలి మీద లేవాలి. లేవలేదు. వంటింట్లోంచి ఆ కబుర్లు వింటుంటే ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది. దొరగారు చల్లగా ఉంటే ఈయన హాల్లోనే ఉంటాడు కదా అనుకుంది. ఆ చల్లగా ఉంచే బాధ్యతేదో తన నెత్తినే వేసుకుంది. కొంప మునిగింది అక్కడే.

రోజూ ఫిల్టరు విప్పి, స్పాంజిని ఆపరేషన్ కత్తెరల్లాగా సలసల మరిగించేది. గులకరాళ్ళని ఒక్కోదాన్నీ బ్రష్షుతో తోమేది. "చూడండి నీళ్ళు! అద్దం!" అని మురిసిపోయేది. అద్దమే, కాదన్నదెవరు? ఆ అద్దంలో దొరగారు మాత్రం తిండి మానేశాడు. రెక్కలు ఒంటికి అంటించుకుని ఓ మూల అడుగున కూలబడ్డాడు. ఉండుండి పైకి తేలి, నీటి అంచున నోరు పెట్టి గాలి కోసం గుటకలు వేసి, మళ్ళీ ఆ మూలకే పోయేవాడు.

"కొత్త చోటు కదా, అలిగాడేమోనోయ్" అన్నాడు డ్రైవరుగారు.

"అలకా లేదు, పాడూ లేదు. ఇంకా ఎక్కడో మురికుంది!" అని ఆవిడ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మరిగించడం మొదలెట్టింది. దాంతో దొరగారి రెక్కల్లో ఎర్రటి చారలు తేలాయి. డ్రైవరుగారు అవి చూసి, "వీడు పోయేలా ఉన్నాడు. నాకు చూడబుద్ధి కావట్లేదు" అని లేచి మెట్ల మీదికి వెళ్ళిపోయాడు.

చేపల సంగతి తెలిసిన మనిషి చుట్టుపక్కల ఒక్కరే. డ్రైవరుగారి అక్క, అంటే సిస్టరమ్మకి వదినగారు. పక్కవీధిలోనే ఇల్లు, ఏళ్ళ తరబడి చేపల తొట్టి. "ఆ తొట్టి చూస్తేనే నాకు జ్వరమొస్తుంది" అని సిస్టరమ్మ నలుగురిలో అన్న మాట వదినగారి చెవిన పడకపోలేదు. పైగా ఎప్పుడెళ్ళినా వాళ్ళ కప్పు తను మళ్ళీ కడుక్కుని గానీ టీ తాగదాయె! ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? అయినా చెప్పులేసుకుంది.

"దారి తప్పొచ్చావా ఏంటి?" అంది వదినగారు తలుపు తీస్తూనే.

"వదినా, ఒంట్లో బాలేదు... అదే, తిండి తినడు. మూల కూర్చుంటాడు. గాలి కోసం బయటికొస్తాడు. పలకరించినా పలకడు."

"చేప గురించి చెబుతున్నావా, మా తమ్ముడి గురించా?"

అని వదినగారు నవ్వలేదు. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, "స్పాంజి ఎలా కడుగుతున్నావు?" అని అడిగింది. చెప్పగానే నెత్తి కొట్టుకుంది.

"ఓసి నీ శుభ్రం సంతకెళ్ళా! చేప విసర్జించింది నీళ్ళలో విషమవుతుంది. కంటికి కనబడదు. దాన్ని తినేసే క్రిములు ఆ స్పాంజిలోనే కాపురం పెడతాయి. కాపురం పెట్టనిచ్చావా నువ్వు?"

"అయ్యో, మంచి క్రిములు!" సిస్టరమ్మ అరిచినంత పని చేసింది. మందులెక్కువై కడుపులో ఉండాల్సినవి కూడా చచ్చిన రోగుల్ని ఎంతమందిని చూడలేదు తను? "రోజూ నా చేతుల్తో నేనే ఉడకబెట్టాను వదినా. ఇప్పుడెలా?"

"నా ఫిల్టర్లో స్పాంజి సగం కోసిస్తా. టీ తాగి పట్టుకెళ్ళు."

టీ వచ్చింది. కప్పు అంచున పాత మరక. సిస్టరమ్మ కప్పుకేసి చూసింది, కుళాయికేసి చూసింది. వదినగారు రెండింటినీ కాక సిస్టరమ్మనే చూస్తూ కూర్చుంది. తల ప్రాణం తోకకొచ్చిందనుకోండి! కళ్ళు మూసుకుని గడగడా తాగేసింది. టీ బాగుంది. ఆ మాట పైకే అనేసింది కూడా.

గోధుమరంగుకి తిరిగి జిడ్డోడుతున్న ఆ స్పాంజి ముక్కని నీళ్ళ సంచిలో వేసుకుని, పసిబిడ్డలా గుండెకి హత్తుకుని ఇంటికొచ్చింది. వదినగారు చెప్పినట్టే తొట్టిలో సగం నీళ్ళు తీసి, కుళాయి నీళ్ళలో క్లోరిన్ విరగడానికి మందు కలిపి పోసి, ఆ ముక్కని ఫిల్టర్లో పెట్టింది. తిండి తగ్గించింది. నీళ్ళు మారుస్తూ వచ్చిందే తప్ప స్పాంజి జోలికి పోలేదు. చేతులు ఒకటే దురద! దురద పుట్టినప్పుడల్లా వెళ్ళి వంటింటి గిన్నెలు తోముకునేది. మెరిసే గిన్నెల్నే మళ్ళీ మళ్ళీ తోమింది పాపం.

గాజు మీద పలచగా పచ్చటి పొర పట్టే వేళకి దొరగారు మూల వదిలాడు. ఓ సాయంత్రం టోపీ ఊపుకుంటూ వచ్చి గాజుకి మూతి ఆనించి, తిండేదీ అన్నట్టు నిలదీశాడు.

"ఏవండీ!" సిస్టరమ్మ మెట్ల దగ్గరికి పరిగెత్తింది. "లోపలికి రండి. మీ దొరగారు పిలుస్తున్నాడు." ఆగి, గొంతు సవరించుకుని, "నేనూ పిలుస్తున్నాను" అంది.

ఆయన తింటున్న బిస్కెట్టు తింటున్నట్టే వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. దొరగార్ని చూసి పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి ఒడిలోని పొడంతా నేల రాలింది. చూసుకుని ఠక్కున లేవబోయాడు. "బయటికెళ్ళి తినొస్తాలే."

"కూర్చోండి" అంది సిస్టరమ్మ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఒంట్లో బానే ఉందా నీకు?" అన్నాడాయన బెంబేలుగా.

మర్నాడు పొద్దున నేల తుడుస్తూ తుడుస్తూ ఆయన కుర్చీ దాకా వచ్చింది. అలవాటు కొద్దీ ఆయన లేచి చెప్పుల కోసం చూశాడు. లేవక్కర్లేదంది. పోనీ కాళ్ళు పైకెత్తనా అన్నాడు. అదీ అక్కర్లేదంది. బిస్కెట్టు పొడితో సహా కుర్చీ చుట్టూ కాస్త మేర వదిలేసి, మిగతా హాలంతా తుడుచుకుంటూ వెళ్ళింది.