పొగగొట్టం మూత

కాలుతున్న రొట్టె వాసన.

తెల్లవారకముందే వీధిలోకి వస్తుంది... ఎవరి తలుపూ తట్టకుండానే ఇళ్ళలోకి వెళ్తుంది. ఆ వాసనకి అందరికీ ఆకలి వేస్తుంది.

రొట్టెలు కాల్చే అన్నకి మాత్రం వేయదు.

బట్టీ దగ్గర ఉండేది ఇద్దరే. అన్న పిండి పిసుకుతాడు. తమ్ముడు కాలిన రొట్టెల్ని ఆరబెడతాడు. ఒక్కోసారి మరిచిపోయి వాటినే మళ్ళీ బట్టీలో పెడతాడు. అన్న ఏమీ అనడు. ఎప్పుడూ ఏమీ అనడు.

"అన్నంటే అలా ఉండాలి," అంటారు జనం.

ఆ మాట అతనికి ఏళ్ళుగా మింగుడుపడడం లేదు.

ఒకప్పుడు తమ్ముడు ఇలా లేడు. ఈల వేస్తూ పిండిముద్ద ఎగరేసి పట్టుకునేవాడు. వదినని మాటల్లో పెట్టి పొయ్యి మీద పాలు పొంగించేవాడు. తిట్లు తినేవాడు. నవ్వేవాడు.

ఆ చలికాలం —

కట్టెల బట్టీలో నిప్పు పూర్తిగా నల్లబడ్డాకే పొగగొట్టం మూత వేయాలి. ముందే వేస్తే కంటికి కనిపించని విషం గదంతా నిండుతుంది. అన్నకి తెలుసు. తెలిసే ఆ సాయంత్రం, బూడిద కింద ఇంకా ఎర్రగా ఉండగానే, మూత లాగేశాడు. వేడి నిలిస్తే పొద్దున నాలుగు కట్టెలు మిగులుతాయని. కక్కుర్తి. అంతే.

తలుపు దగ్గరగా వేసి ఇంటికి వెళ్ళాడు.

చలికి తట్టుకోలేక తమ్ముడు వచ్చి బట్టీ పక్కన పడుకున్నాడు. వస్తాడని అన్నకి తెలియదు. అది నిజమే.

ప్రాణం దక్కింది. మనిషి మాత్రం సగమే తిరిగొచ్చాడు. వేళ్ళు వణుకుతాయి... మాటలు మధ్యలో జారిపోతాయి. ఆ సాయంత్రం అసలు గుర్తే లేదు.

"మూత ఎవరు వేశారు?" అని డాక్టరు అడిగాడు.

అన్న నీళ్ళు నమిలాడు. "లోపల వాడొక్కడే ఉన్నాడండీ," అన్నాడు.

అది అబద్ధం కాదు. అందుకే అంత బాగా నిలబడింది.

వెచ్చదనం కోసం తనే వేసుకున్నాడని అందరూ అనుకున్నారు. చివరికి తమ్ముడూ అదే నమ్మాడు. ఎవరో సరదాకి 'పొగబాబు' అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే ఇప్పటికీ పలుకుతాడు.

చర్చిలో అందరూ పంచుకునే ప్రభువు బల్లకి రొట్టె వెళ్ళేది ఈ బట్టీ నుంచే. ఆరాధనలో పళ్ళెం తన దాకా వస్తే అన్న పక్కవాళ్ళకి అందిస్తాడు. తను తీసుకోడు.

ఎంత వినయమో, అనుకుంటుంది భార్య.

వినయం కాదు... భయం.

ఈ ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ, తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఎవరూ అనుకోలేదు. వెతుక్కుంటూ, ఆగుతూ మాట్లాడాడు.

"నా అజాగ్రత్త వల్ల... అన్నయ్యకి బరువైపోయాను. దేవుడు నన్ను క్షమించాడు. అన్నయ్య కూడా... ఒక్క మాట అనలేదు."

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. అన్నకి తల కొట్టేసినట్టయింది.

పళ్ళెం వచ్చింది. తన చేతులతో పిసికిన రొట్టె. దాని వంక చూడలేక కళ్ళు మూసుకున్నాడు.

'ప్రభువా, నేనే.'

అంతకుమించి ప్రార్థన రాలేదు. ఆ మాటకే లోపల ఎక్కడో సన్నగా వెలుతురు పడింది... హాయిగా లేదు. మండింది.

దేవుడికి ముందే తెలుసు. తెలియనివాడు పక్కనే కూర్చుని ఉన్నాడు.

మధ్యాహ్నం తమ్ముణ్ణి బట్టీ గదికి తీసుకెళ్ళాడు. చెబితే తమ్ముడు దక్కడేమో. చెప్పకపోతే ఇక తను బతికీ లేనట్టే.

"ఒరేయ్... ఆ మూత వేసింది నువ్వు కాదురా. నేను."

అంతా చెప్పాడు. మిగుల్చుకోవాలనుకున్న కట్టెల గురించి, డాక్టరుతో అన్న మాట గురించి. చెబుతూ చెబుతూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

తమ్ముడు తిట్టలేదు. ఏడవలేదు. వణుకుతున్న వేళ్ళని చాలాసేపు చూసుకున్నాడు.

"రోజూ క్షమించమని అడిగేవాణ్ణి కదన్నయ్యా..." మాట జారిపోయింది. వెతికి పట్టుకున్నాడు. "మరి దేవుడు ఒక్కసారైనా... అది నేను కాదని నాకెందుకు చెప్పలేదు?"

అన్న తలెత్తి తమ్ముణ్ణి చూశాడు.

"చెప్పమని రోజూ అడిగాడురా... నన్ను."

తమ్ముడు తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు. తలుపు మూయలేదు. మొహం మీద ఎండ పడుతుంటే అన్న మోకాళ్ళ మీదే ఉండిపోయాడు... అడుగుల చప్పుడు ఆగిందో, దూరమైందో తెలియక.