ఫ్రెంచి పాటకు వన్స్ మోర్

మా నాయన చిన్నపోలయ్యకు చదువు రాదు. నాటకాల పిచ్చి మాత్రం ఉంది. నెల్లూరు జిల్లాలో మా కోట ఊరి చుట్టుపక్కల ఎక్కడ పద్యనాటకం ఆడినా ముందు వరసలో కూర్చుని, పద్యం బాగుంటే "వన్స్ మోర్" అని అరిచేవాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు ఆ రెండు ముక్కలే. ఆ కేక పడితే నటుడు ఎంత అలిసిపోయినా, కథ ప్రకారం అప్పటికే చచ్చి పడి ఉన్నా సరే, లేచి ఆ పద్యం మళ్లీ పాడవలసిందే. అది మా వైపు మర్యాద.

ఆ కేకల్లో ఎక్కువ భాగం ఓబులేసుకు దక్కింది. ఓబులేసు, నేను నాలుగో ఫారం దాకా ఒకే బెంచీ. హార్మోనియం పంతులు మా ఇద్దరినీ పద్యాలు నేర్చుకోమని పిలిస్తే, నాయన నన్ను చెవి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. "నువ్వు చదువుకో. పాడేవాళ్లు శానామంది ఉండారు" అన్నాడు. నేను చదువుకున్నాను. ఓబులేసు ఫెయిలై పాడుకున్నాడు. నేను బి.ఏ. పాసయ్యానని చెప్పిన రోజు నాయన "మంచిది" అని, పార భుజాన వేసుకుని మడికి నీళ్లు కట్టడానికి పోయాడు. ఆ వారమే రాజు వేషంలో ఓబులేసు పాడిన పద్యానికి తన కండువా తీసి వాడికి కప్పాడు. ఆ కండువా నేను నెల్లూరులో కొని తెచ్చినది.

ఇది నేను మనసులో పెట్టుకున్నాను. పెట్టుకోకూడదని తెలిసే పెట్టుకున్నాను.

1962లో నేను కోట దగ్గర ఒక హైస్కూల్లో అసిస్టెంటు మాస్టరుగా ఉన్నాను. మా హెడ్మాస్టరు జకరయ్యగారు పిల్లలకు చూపించదగిన ఫిల్ములు అరువివ్వమని మద్రాసులోని ఒక ఫ్రెంచి క్లబ్బుకు రాశారు. భూగోళం పాఠానికి పనికొచ్చేవి వస్తాయని ఆయన ఆశ. వాళ్లు మూడు రీళ్ల సంగీతనాటకం పంపారు. స్టేజీ మీద ఆడుతుండగా తీసిన ఫిల్ము. మొదటినుంచి చివరిదాకా పాటే, ఉత్త మాట ఒక్కటి లేదు. దాన్ని ఫ్రాన్సులో కూడా ఎప్పుడోగాని ఆడరట. "ఎవరూ అడగరు గనక ఇది ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది" అని ఉత్తరంలో నిజాయితీగానే రాశారు.

దానితోపాటు ఇంగ్లీషులో టైపు కొట్టిన కథాసంగ్రహం వచ్చింది. "రమణయ్యగారూ, తమరు దీన్ని తెలుగు చేసి మైకులో చదవాలి. ఊళ్లోవాళ్లను కూడా పిలుద్దాం" అన్నారు జకరయ్యగారు.

నిఘంటువు పక్కన పెట్టుకుని పన్నెండు రోజులు రాశాను. ఇరవై రెండు పేజీలు వచ్చాయి. నేను చదువుకున్నదేమిటో నాయన చెవులారా వినేది ఈ ఒక్కసారే అనుకున్నాను. ఇంటికి పోయి స్వయంగా పిలిచాను. ఓబులేసును మాత్రం పిలవలేదు.

శనివారం మధ్యాహ్నం హాలు కిటికీలకు గోనెసంచులు కట్టి చీకటి చేశాం. ఫిల్ములు ఆడించే హెబ్రోను నెల్లూరు నుంచి ప్రొజెక్టరు తెచ్చాడు. ఉక్కకు పిల్లలు పలకలతో విసురుకుంటున్నారు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు బెంచీలో కూర్చున్నాడు. పక్కన ఓబులేసు! నాయనే వెంటబెట్టుకుని వచ్చాడని చూడగానే తెలిసింది. ఇద్దరికీ మధ్య ఒకటే తాటాకు విసనకర్ర.

కథ పెద్దదేం కాదు. శత్రువులు ఒక పట్నాన్ని చుట్టుముడతారు. ఒక పిల్లను అప్పగిస్తే వదిలేస్తామంటారు. చీటీలు వేస్తే, గుడి గంటలు కొట్టే గుడ్డి ముసలాయన కూతురికి పడుతుంది. ఆ సంగతి తండ్రికి చెప్పలేక, నీళ్లకు పోతున్నానని చెప్పి ఆ పిల్ల వెళ్లిపోతుంది.

నేను మైకు దగ్గర నిలబడి నా కాగితాలు చదివాను. "ఓ జనకా! జలాహరణ వ్యాజమున నేను నిష్క్రమించుచున్నాను. నీ అంధత్వమే నాకు అవకుంఠనమైనది." జకరయ్యగారు తల ఊపారు. వెనక ఎవరో ఆవులించారు.

నేను ఒక్కో వాక్యం ముగించగానే ఓబులేసు నాయన చెవి దగ్గరికి వంగి ఏదో చెబుతున్నాడు. నాయన అప్పుడు తల ఊపుతున్నాడు. ఒకసారి నవ్వాడు. ఇంకొకసారి ఓబులేసు మోకాలు పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు. మైకు ఉన్నది నా దగ్గర. కథ తెలిసింది నాకొక్కడికి. ఫ్రెంచి సరే, ఇంగ్లీషు కూడా రానివాడు కథ చెబుతుంటే మా నాయన కంటతడి పెట్టుకుంటున్నాడు!

అంతలో తెర మీద ఆ పిల్ల కడవ చంకనెత్తుకుని, గడప దగ్గర నిలబడి ఒక పాట పాడింది. గొంతు పైకి పోయి, అక్కడే చాలాసేపు నిలిచి, మెల్లగా దిగింది. 

"వన్స్ మోర్!" అన్నాడు నాయన లేచి నిలబడి.

"వన్స్ మోర్! వన్స్ మోర్!" అని బెంచీలన్నీ అందుకున్నాయి.

"ఇది ఫిల్మయ్యా, మనిషి కాదు!" అని హెబ్రోను అరిచాడు.

"మనిషి కాకపోతే ఎట్టా పాడిందయ్యా? తిప్పు ఎనక్కి!" అన్నాడు నాయన.

జకరయ్యగారు నవ్వి చెయ్యి ఊపారు. హెబ్రోను సణుక్కుంటూ రీలు వెనక్కి తిప్పాడు. ఆ పిల్ల మళ్లీ కడవ ఎత్తుకుంది. ఓబులేసు మళ్లీ నాయన చెవిలోకి వంగాడు.

ఇక ఊరుకోలేకపోయాను. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, "ఓబులేసుగారూ! తెలియని కథ తెలిసినట్టు చెప్పి పెద్దవాళ్లను తప్పుదారి పట్టించకండి" అన్నాను.

హాలంతా గొల్లుమని నవ్వింది. ఓబులేసు నా వంక ఒక్క క్షణం చూసి, విసనకర్ర నాయన ఒళ్లో పెట్టి, వరండాలోకి వెళ్లిపోయాడు.

రెండో రీలంతా నేను హాయిగా చదివాను. కానీ నాయన తెర చూడటం లేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా నోటి వైపే చూస్తున్నాడు. తిరణాలలో తప్పిపోయినవాడి ముఖం. రీలు మార్చే లోపల దగ్గరికి పోయి కూర్చున్నాను.

"అర్థమవుతోందా నాయనా?"

"ఓబులేసునెందుకు తరిమినావురా?"

"వాడికి ఆ భాష ఏం తెలుసు నాయనా? కల్పించి చెబుతున్నాడు."

"ఆ పిల్ల భాష నాకెందుకురా? అది ఏడస్తా ఉంటే తెలవదా?" నాయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నీ భాష తెలవలా నాకు. నువ్వేందో చదవతావు, వాడు నాకు చెప్పతా ఉన్నాడు. అందుకే గదా వాణ్ణి పిలుచుకొచ్చింది. నలుగురిలో నా కొడుకు మాట నాకే తెలవకపోతే ఏం బాగుంటది?"

నేను లేచాను. వరండాలోకి పోయాను. ఓబులేసు స్తంభానికి ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏం అయవారూ, నన్ను బెంచీ ఎక్కించను వచ్చినావా?"

"నాయనకు ఏం చెప్పావురా?"

"నువ్వు చెప్పిందే చెప్పినా. 'నీళ్లకు పోతా ఉండానని అబద్ధం చెప్పి ఎల్లిపోతా ఉండాది మామా, ముసలోడికి కళ్లు లేవు గదా' అన్నా. తప్పా?"

తప్పు కాదు. నేను పన్నెండు రోజులు రాసినదానికంటే బాగుంది. అది ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

"నేను చెప్పిన ప్రతి ముక్కకూ నా మోకాలు పొడిచి, 'చూసినావా నా కొడుకు!' అంటాడు. మాట నాది, పేరు నీది. రాజు వేషం కట్టి గొంతు చించుకుంటే నాకు కండువా ఇచ్చినాడు. నా కొడుకని ఏనాడన్నా అన్నాడా?" ఓబులేసు నవ్వుతూనే అన్నాడు. బీడీ మాత్రం గోడకేసి గట్టిగా నలిపాడు.

"లోపలికి రారా" అన్నాను.

"మైకు నాకిస్తావా?"

ఇవ్వడమే న్యాయం. హాలుకూ మేలు. "ఇవ్వను. నేనే చెబుతాను" అన్నాను.

మూడో రీలుకు ఓబులేసు వచ్చి మళ్లీ నాయన పక్కన కూర్చున్నాడు. నేను కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. మొదట తడబడ్డాను. "కూతురు... కూతురు ఇంకా రాలేదు. నీళ్లకు పోయి ఇంతసేపా అంటున్నాడు" అన్నాను. నాయన అలవాటుగా ఓబులేసు వైపు తల వంచాడు. ఓబులేసు పక్కకు జరిగి, "నాకేం తెలుసు మామా, మీవోణ్ణే ఇను" అన్నాడు. నాయన తల నా వైపు తిరిగింది. "దారి తప్పిందేమో, చప్పుడు విని వస్తుంది అని గంటలు కొడుతున్నాడు. పిల్ల ఇక రాదని ఊళ్లో అందరికీ తెలుసు. ఆయనకు ఎవరూ చెప్పరు." వెనక ఆవులింతలు లేవు.

గంటలతో ఫిల్ము అయిపోయింది.

"వన్స్ మోర్!"

"రీలు చుట్టను పది నిమిషాలు పడతాది పెద్దాయనా" అన్నాడు హెబ్రోను, చెమట తుడుచుకుంటూ.

"చుట్టుకోవయ్యా. అందాకా మావోడు ఇంకోసారి చెప్పతాడు. చెప్పరా అబ్బయ్యా!"

నా జీవితంలో నాకు పడిన మొదటి వన్స్ మోర్ అది. మైకు సర్దుకుని మొదలుపెట్టాను. రెండు మాటలు అన్నానో లేదో, చీకట్లో ఓబులేసు ఆ పిల్ల పాట అందుకున్నాడు. మాటలు లేకుండా ఉత్త రాగం. రెండే రెండుసార్లు విన్నాడు, రెండోసారి వరండాలోంచి. ఎక్కడా జారలేదు. కావాలని అందుకున్నాడో, అదే వచ్చిందో తెలియదు. నేను ఆపమనలేదు. ఆపమంటే హాలు నన్ను కొట్టేది. ఆ గొంతు మీద నా మాట వేసుకుంటూ పోయాను.

చెబుతూనే నాయన ఎవరి వైపు చూస్తున్నాడా అని చూశాను. ఆయన ఇద్దరి వైపూ చూడటం లేదు. విసనకర్ర గుండెకు ఆనించుకుని, కళ్లు మూసుకుని వింటున్నాడు.